చల్లగా ఉన్న రెండు

గుంటూరు వైపు ఒక ఊరి పొలిమేరలో ఒక నూలు మిల్లు ఉండేది. చుట్టుపక్కల చేలల్లో పండిన పత్తి అక్కడికి బేళ్లుగా వచ్చి నూలు కండెలుగా బయటికి వెళ్లేది. రాత్రీ పగలూ మూడు షిఫ్టులు ఆడే ఆ మిల్లు మొత్తానికీ కరెంటు ఇచ్చేది ఒకే ఒక్క ట్రాన్స్‌ఫార్మర్. ఆవరణ మూల కంకర పరిచిన యార్డులో, ఇనప వల కంచె మధ్య అది నిలబడి ఉండేది. దాని సామర్థ్యం 5 ఎంవీఏ. 33 కేవీ లైను మీద వచ్చిన కరెంటును 11 కేవీకి దించి లోపలికి పంపేది. దాని ఒంటికి అటు నాలుగు, ఇటు నాలుగు, మొత్తం 8 రేడియేటర్లు రెక్కల్లా బిగించి ఉండేవి.

కథలోకి వెళ్లే ముందు ఆ రెక్కలు ఎందుకో కొంచెం చెప్పుకోవాలి. ట్రాన్స్‌ఫార్మర్ లోపల గిరగిరా తిరిగే చక్రం ఒక్కటీ ఉండదు. అయినా అది వేడెక్కుతుంది. మధ్యలో ఉండే ఇనప రేకుల దిమ్మ, లోడు ఉన్నా లేకపోయినా, కరెంటు ఉన్నంతసేపూ కొంత వేడి పుట్టిస్తూనే ఉంటుంది. దాని చుట్టూ చుట్టిన రాగి తీగల్లో వేడి మాత్రం లోడును బట్టి పుడుతుంది. అదీ లోడుతో సమానంగా పెరగదు. లోడు రెట్టింపైతే రాగిలో వేడి నాలుగింతలవుతుంది. ఆ రాగికి తొడిగిన బట్ట ఏమిటంటే కాగితం. ఉత్త క్రాఫ్ట్ కాగితం. లక్షల రూపాయల యంత్రం ప్రాణం ఆ కాగితం మీద నిలబడి ఉంటుంది.

కాగితాన్ని కాపాడేది నూనె. తొట్టి నిండా నూనె ఉంటుంది. ఎసట్లో అడుగున కాగిన నీళ్లు పైకి లేచినట్టు, రాగి దగ్గర వేడెక్కిన నూనె తేలికై పైకి లేస్తుంది. పైగొట్టం గుండా రేడియేటర్లలోకి పోతుంది. ఆ పలుచని రేకుల మధ్య దిగుతూ దిగుతూ వేడిని బయటి గాలికి ఇచ్చేసి, చల్లబడి, బరువెక్కి, కిందిగొట్టం గుండా మళ్లీ తొట్టిలోకి వస్తుంది. పంపు లేదు, ఫ్యాను లేదు. నూనె తనంతట తాను తిరుగుతుంది, గాలి తనంతట తాను వీస్తుంది. ఈ పని తెలిసినవాళ్లు దాన్ని ఓనాన్ అంటారు. నాకు తెలిసినంతలో ఇంత సద్దు లేని ఏర్పాటు యంత్రాల్లో ఇంకొకటి లేదు.

ఆ మిల్లులో ఒక పెద్ద మేస్త్రి ఉండేవాడు. హెల్పరుగా చేరి, ముప్పై ఏళ్లు అక్కడే కరెంటు పని చేశాడు. ఆయనకు ఒక అలవాటు ఉండేది. రోజూ తెల్లవారుజామున, ఎండ ఇంకా ఇనుము మీద పడకముందే, యార్డులోకి వెళ్లి ఒక్కో రేడియేటరు పైభాగం మీద అరచెయ్యి పెట్టేవాడు, తర్వాత వంగి కిందిభాగం మీద పెట్టేవాడు. ఎనిమిదీ అయ్యాక టీ తాగడానికి పోయేవాడు. అలా ఎందుకు చేస్తున్నాడని ఆయన్ను ఎవరూ అడగలేదు. ఆయన కూడా ఎవరికీ చెప్పలేదు. చెప్పి ఉంటే ఈ కథ జరిగేదే కాదు.

మేస్త్రి రిటైరయ్యాడు. ఆ తర్వాత వచ్చిన సంక్రాంతికి ముందు 7, 8 నంబరు రేడియేటర్ల దగ్గర నూనె కారడం మొదలైంది. బయటి నుంచి ఫిట్టర్లను పిలిపించారు. తొట్టిలో నూనె అంతా తోడక్కర్లేకుండా రేడియేటరును విడిగా మూసుకోవడానికి పైన ఒకటి, కింద ఒకటి వాల్వులు ఉంటాయి. ఫిట్టర్లు ఆ వాల్వులు మూశారు. రెండు రేడియేటర్లనూ దించారు. పగుళ్లకు వెల్డింగ్ చేశారు. పాత గ్యాస్కెట్లు తీసి కొత్తవి వేశారు. మళ్లీ ఎక్కించి బిగించారు. పైనుంచి కిందిదాకా బూడిద రంగు కొట్టారు. మర్నాడు భోగి. చీకటి పడుతోంది. ఊరికి పోయే ఆఖరి బస్సు టైమవుతోంది. వాళ్లు సామాను సర్దుకుని వెళ్లిపోయారు.

నూనె కారడం ఆగింది. యాజమాన్యం సంతోషించింది.

ఆ ఏడు చలికాలం చల్లగా గడిచింది. పత్తి ధరలు పెరిగి మిల్లు సగం యంత్రాలతోనే నడవడం వల్ల ఎండాకాలం కూడా ఏ ఇబ్బందీ లేకుండా వెళ్లిపోయింది. తర్వాతి ఏడాది ధరలు కుదురుకున్నాయి. కొత్త రింగ్ ఫ్రేములు దిగాయి. అంతకుముందు మిల్లు నిండుగా నడిచిన రోజులకంటే లోడు పావువంతు పెరిగింది. లోడు పావువంతు పెరిగితే రాగిలో వేడి సగానికి పైగా పెరుగుతుంది. ఆ సంగతి లెక్కల్లో తెలిసిన ఒక కుర్ర ఇంజనీరు అప్పటికి కొత్తగా పనిలో చేరి ఉన్నాడు.

ఆ కుర్రవాడు సోమరి కాడు. చెప్పిన పని చెప్పినట్టు చేసేవాడు, చెప్పని పని కూడా చేసేవాడు. దూరం నుంచి గురిపెడితే వేడి ఎంతో చూపించే ఇన్‌ఫ్రారెడ్ గన్ ఒకటి సొంత డబ్బుతో కొనుక్కున్నాడు. రాత్రి షిఫ్టులో గంటగంటకూ యార్డుకు వెళ్లి కొలిచి లాగ్ బుక్‌లో రాసేవాడు. ఒకటి నుంచి ఆరు దాకా ఉన్న రేడియేటర్ల పైభాగం 68, 70 డిగ్రీలు చూపించేది. 7, 8 మాత్రం 33, 34 దగ్గర ఉండేవి. ఆరింటి చుట్టూ అతను ఎర్ర పెన్నుతో సున్నా చుట్టాడు. చివరి రెండింటి పక్కన బాగున్నాయని రాశాడు.

రోహిణి కార్తె వచ్చింది. రోళ్లు పగిలే ఎండలంటారే, అవి. ఒక మధ్యాహ్నం బయట 44 డిగ్రీలు ఉండగా నూనె 88కి చేరింది. అలారం 85 దగ్గరే మోగింది. 95 దగ్గర మిల్లు మొత్తం ట్రిప్ అయ్యేలా సెట్ చేసి ఉంది. కుర్రవాడు పరుగున వెళ్లి కొన్ని ఫ్రేములు ఆపించాడు. వేడి తగ్గింది. మర్నాడు మళ్లీ మోగింది.

అతను నిలువు ఫ్యాన్లు తెప్పించి ఆరు వేడి రేడియేటర్ల ముందు పెట్టించాడు. చల్లగా ఉన్న రెండింటికీ ఫ్యాన్లెందుకని పెట్టించలేదు. నాలుగు డిగ్రీలు తగ్గింది. అది చాలలేదు. బోరు నీళ్లు పైపుతో కొట్టించాడు. ఇంకో నాలుగు డిగ్రీలు తగ్గింది. కానీ ఆ నీళ్లలో ఉప్పు ఎక్కువ. వారం తిరిగేసరికి రెక్కల మీద సున్నం కొట్టినట్టు తెల్లటి పొర కట్టింది. రేకు అంచుల్లో తుప్పు లేచింది. ఆ పొర గాలికీ ఇనుముకూ మధ్య దుప్పటిలా అడ్డుపడి, తగ్గిన వేడి మళ్లీ పెరిగింది.

రాత్రిళ్లు అతనికి నిద్ర పట్టలేదు. కాగితం సంగతి అతనికి తెలుసు. తీగచుట్టలో అతి వేడిగా ఉండే చోటు 98 డిగ్రీలు దాటితే, అక్కడినుంచి పెరిగే ప్రతి 6 డిగ్రీలకూ మామూలు కాగితం చెడిపోయే వేగం రెట్టింపవుతుందని చదువుకున్నాడు. పైనూనె 88 ఉందంటే లోపల తీగ దగ్గర ఎంత ఉంటుందో ఊహించుకుని భయపడ్డాడు. పుస్తకాలు ముందేసుకుని కూర్చున్నాడు. ఎప్పటికీ ఉండేలా ఫ్యాన్లు బిగించి ఓనాఫ్ చేయించడమా, పంపులు పెట్టి నూనెను బలవంతంగా తిప్పించడమా అని లెక్కలు వేశాడు. కొన్ని జలవిద్యుత్ కేంద్రాల్లో నూనెను నీటితో చల్లబరుస్తారని కూడా చదివాడు. అక్కడ నూనె ఒత్తిడిని నీటి ఒత్తిడి కంటే ఎప్పుడూ ఎక్కువగా ఉంచుతారు. ఎప్పుడైనా లోపలి గొట్టం చిల్లుపడితే నూనె నీళ్లలోకి పోవాలి గాని, నీళ్లు నూనెలోకి రాకూడదని. ఆ ముందుచూపు అతనికి ఎంతో నచ్చింది. కానీ అంత హంగు ఈ మిల్లుకు ఎక్కడిది? చివరికి ఆరు రేడియేటర్లూ జబ్బుపడ్డాయని, వాటిని మార్చి చివరి రెండింటిలాంటివి తెప్పించాలని కాగితం రాసి మేనేజరు బల్ల మీద పెట్టాడు. మేనేజరు సరేనన్నాడు. సంతకం ఒక్కటే మిగిలింది.

ఆ రోజుల్లోనే పెద్ద మేస్త్రి మనవరాలి పెళ్లి కుదిరింది. పాతవాళ్లకు శుభలేఖలు ఇద్దామని ఆయన తొలి బస్సు ఎక్కి మిల్లుకు వచ్చాడు. ఇంకా పూర్తిగా తెల్లవారలేదు. ఆఫీసు తెరవడానికి టైముంది. కాళ్లు వాటంతట అవే యార్డు వైపు నడిచాయి. కుర్రవాడు అక్కడే ఉన్నాడు, రాత్రంతా మేలుకున్న కళ్లతో. పెద్దాయన ఎవరో అతనికి తెలుసు. గేటు తీశాడు.

మేస్త్రి శుభలేఖల సంచి కంచెకు తగిలించి, మొదటి రేడియేటరు మీద అరచెయ్యి పెట్టాడు. పైన చెయ్యి నిలవనంత వేడి. వంగి కింద పట్టుకున్నాడు. కొంచెం తక్కువ. పైకీ కిందికీ తేడా ఉందంటే నూనె తిరుగుతోంది, వేడి దిగుతోంది. రెండోది అలాగే ఉంది. మూడోది, నాలుగోది, ఐదోది, ఆరోది అన్నీ అలాగే ఉన్నాయి. ఏడో దాని మీద చెయ్యి వేశాడు. పైనా చల్లన, కిందా చల్లన, తెల్లవారుజామున గుడి ముందు రాతిబండలా. ఆయన చెయ్యి అక్కడే ఆగిపోయింది.

కుర్రవాడు ఆ రెండూ ఎంత బాగున్నాయో చెప్పబోయాడు. పెద్దాయన ముఖం చూసి ఆగిపోయాడు. మేస్త్రి వేలి కణుపులతో ఆరో రేడియేటరును తట్టాడు. నిండు కుండలా మొద్దుగా పలికింది. ఏడో దాన్ని తట్టాడు. ఖాళీ బిందెలా ఖంగున మోగింది. ఆయన జేబులోంచి ఇంటి తాళంచెవి తీసి, వంగి, కింది వాల్వు మీద గట్టిపడ్డ బూడిద రంగును మెల్లగా గీకాడు. పెచ్చులు రాలాయి. రంగు కింద వాల్వు తీసి ఉందో మూసి ఉందో చెప్పే చిన్న గీత బయటపడింది. గొట్టం వెంట పొడుగ్గా ఉండాల్సిన గీత అడ్డంగా ఉంది.

ఎనిమిదో దానిదీ అంతే.

ఇద్దరూ ఆఫీసులో పాత రిజిస్టరు తీసి చూశారు. భోగి ముందు రోజు పేజీలో అన్నీ రాసి ఉన్నాయి. వాల్వులు మూసినట్టు ఉంది, దించినట్టు ఉంది, వెల్డింగ్, గ్యాస్కెట్లు, రంగు, అన్నీ ఉన్నాయి. వాల్వులు మళ్లీ తెరిచినట్టు మాత్రం ఎక్కడా లేదు. ఆ ఫిట్టర్లను మేస్త్రి ఒక్క మాట కూడా అనలేదు. గాయం మానాలని కట్టు కట్టారు, కట్టు విప్పడం మరిచిపోయారు. అంతకంటే అందులో తప్పు లేదనే ఆయన అనుకున్నాడు. ఆ మాట నిజమే. మూసినవాళ్లు మేలు చేద్దామనే మూశారు.

కుర్రవాడికి సిగ్గుతో చెమటలు పట్టాయి. రెండు నెలలుగా తాను ఆరుగురు కష్టజీవుల మీద జబ్బు ముద్ర వేసి, పనిలోకే దిగని ఇద్దరికి కితాబులు ఇస్తున్నాడని అర్థమైంది. మేనేజరు బల్ల మీది కాగితం తీసి చింపేశాడు. స్పానరు పట్టుకుని, వాల్వు అప్పటికప్పుడే తిప్పెయ్యాలని యార్డుకు పరిగెత్తాడు. మేస్త్రి వెనకే వెళ్లి అతని మణికట్టు పట్టుకుని ఆపాడు.

ఆపడానికి కారణం ఉంది. ఆ రెండు రేడియేటర్ల నిండా గాలి ఉంది. నడుస్తున్న ట్రాన్స్‌ఫార్మర్‌కు ఆ వాల్వు ఒక్కసారిగా తెరిస్తే గాలి బుడగలు తొట్టిలోకి పోతాయి. కరెంటు ఉన్న తీగల మధ్య నూనె ఉండాల్సిన చోట గాలి చేరితే అంతకంటే ప్రమాదం లేదు. పైగా ఖాళీ రెక్కల్లోకి నూనె ఒక్కసారిగా దిగి, తొట్టి పైన నూనె నిల్వ ఉండే కన్సర్వేటర్‌లో మట్టం పడిపోతుంది. లోపల గాలి గుమికూడినా, నూనె తగ్గినా కనిపెట్టే బుకోల్జ్ రిలే అని ఒక కావలివాడు తొట్టికీ కన్సర్వేటర్‌కూ మధ్య గొట్టంలో ఉంటాడు. వాడు మిల్లు మొత్తాన్నీ ఆపేస్తాడు. అన్నాళ్లు మూసి ఉన్నదాన్ని అర నిమిషంలో తెరవకూడదు.

వారాంతపు సెలవు దాకా ఆగారు. ఈలోగా లోడు తగ్గించి నడిపారు. కొత్త నూనె పీపాలు తెప్పించారు. గిన్నెలో 2.5 మిల్లీమీటర్ల ఎడంతో ఉన్న రెండు లోహపు మొనల మధ్య ఆ నూనె పోసి, ఎంత వోల్టేజీ దాకా నిప్పురవ్వ రాకుండా తట్టుకుంటుందో పరీక్ష చేయించారు. సెలవు రోజు పొద్దున్నే షట్‌డౌన్ తీసుకుని, ఎర్తు చేశారు.

మేస్త్రి ఏడో రేడియేటరు నెత్తిన ఉన్న గాలి బిరడాను రెండు చుట్లు వదులు చేయించాడు. తర్వాత కింది వాల్వును చిటికెడంత, గీత కొద్దిగా ఒరిగేంత మాత్రమే తెరిపించాడు. నూనె అడుగునుంచి ఎక్కడం మొదలైంది. పైనుంచి గాలి బుస్సుమంటూ బయటికి వచ్చింది. చాలాసేపు అలాగే వచ్చింది. కుర్రవాడు ఇంకొంచెం తిప్పుదామని రెండుసార్లు చెయ్యి చాపాడు. పెద్దాయన రెండుసార్లూ తల అడ్డంగా ఊపాడు. కన్సర్వేటర్‌లో మట్టం తగ్గినప్పుడల్లా హెల్పర్లు కొత్త నూనె ఎక్కించారు. గంట గడిచింది. బుస్సుమనే చప్పుడు సన్నబడింది. బిరడా చుట్టూ నురగ కట్టింది, బుడగలు లేచాయి, బుడగలు తగ్గాయి. చివరికి పలుచని తేనె రంగులో ఒక నూనె బొట్టు ఊరి, నిలబడి, జారింది. దాని వెనక ఇంకో బొట్టు వచ్చింది. మేస్త్రి బిరడా బిగించమని సైగ చేశాడు. అప్పుడు కింది వాల్వు పూర్తిగా, ఆ తర్వాత పై వాల్వు తెరిపించాడు. ఎనిమిదో దానికీ అంతే ఓపికగా చేశారు. సాయంత్రం దాకా నూనెను కుదురుకోనిచ్చి, బుకోల్జ్ రిలేలో చేరిన కాస్త గాలినీ వదిలేసి, కరెంటు ఇచ్చారు.

మర్నాడు మధ్యాహ్నం అదే 44 డిగ్రీల ఎండలో, అదే లోడు మీద, ఫ్యాన్లు లేకుండా, నీళ్లు లేకుండా నూనె 78 దగ్గర నిలబడింది.

అయితే పోయింది ఏమీ లేదని చెప్పలేం. నూనె నమూనా పరీక్షకు పంపితే, కాగితం వేడికి మగ్గినప్పుడు పుట్టే వాయువుల పాళ్లు పెరిగినట్టు తేలింది. నూనె పాడైతే వడకడతాం, కాదంటే మారుస్తాం. తీగకు చుట్టిన కాగితాన్ని అలా మార్చలేం. ఆ వేసవిలో కరిగిపోయిన ఆయుష్షు తిరిగి రాలేదు. ఆరు రెక్కలు ఎనిమిది రెక్కల పని చేస్తున్నన్నాళ్లూ లోపల ఎవరికీ కనపడకుండా నల్లబడింది ఆ కాగితమే.

మన ఇళ్లల్లోనూ ఇంతే: బరువు మోస్తూ చిరచిరలాడే మనిషికి జబ్బని పేరు పెడతాం, అందరూ ఉడికిపోతున్నా చల్లగా కూర్చున్న మనిషిని ఎంత నిబ్బరమో అని మెచ్చుకుంటాం, పక్కవాడి వేడి పంచుకునే ఒళ్లు వెచ్చగానే ఉంటుందని మరిచిపోతాం. ఆ చల్లని మనిషి చెడ్డవాడు కానక్కర్లేదు. ఎప్పుడో తగిలిన దెబ్బ మానాలని మూసుకున్న తలుపు, దెబ్బ మానాక కూడా ఎవరూ తియ్యక అలాగే ఉండిపోయి ఉంటుంది. దాన్ని తియ్యాలి, కానీ ఒక్క గుంజుతో కాదు, లోపల నిండిన గాలి అంతా పోయేదాకా పక్కన నిలబడి.

పెళ్లికి కుర్రవాడు వెళ్లాడు. తిరిగి వచ్చిన తెల్లవారుజామున ఇన్‌ఫ్రారెడ్ గన్ బల్ల మీదే ఉంచి, ఉత్త చేతులతో యార్డులోకి నడిచాడు. వెనక ఒక కొత్త హెల్పరు కూడా ఉన్నాడు. ఏడో రేడియేటరు మీద ముందు తన అరచెయ్యి పెట్టి, తర్వాత ఆ హెల్పరు చెయ్యి పట్టుకుని పైనొకసారి, కిందొకసారి పెట్టించి, ఎందుకో విడమరిచి చెప్పాడు. తర్వాత ఇద్దరూ వంగి వాల్వు మీది గీత చూశారు. లాగ్ బుక్‌లో ఆ గీతకంటూ కొత్తగా గీసిన గడిలో, అది గొట్టం వెంటే ఉందని హెల్పరు చేతనే రాయించాడు.